ఆజ్ఞలకు పేర్లు: సైబరాబాదు కాలములో గ్రంథ ముద్రణను గూర్చి ఒక చారిత్రక పరిశీలన

పరిచయము

కీర్తనల గ్రంథమును సంఘములో బిగ్గరగా చదువునప్పుడు "సెలా" అను మాట యొద్ద ప్రతి సేవకుడును ఒక క్షణము ఆగును. దానిని పలుకవలెనా, దాటిపోవలెనా? హెబ్రీ మూలములో ఈ మాట కీర్తనలలో 71 సార్లు, హబక్కూకు 3వ అధ్యాయములో 3 సార్లు కనబడుచున్నది. ఇది ప్రార్థనలోని మాట కాదనియు, పాడువారికో వాయించువారికో ఇయ్యబడిన ఆజ్ఞ అనియు పండితులలో ఎక్కువమంది అభిప్రాయము. ఆగుమని చెప్పినదో, స్వరము హెచ్చింపుమని చెప్పినదో నేడు ఎవరును నిశ్చయముగా చెప్పలేరు. గ్రీకు సప్తతి అనువాదకులు "డయాప్సాల్మా" అని తర్జుమా చేసిరి గాని దానివలన కూడ చేయవలసిన పని తేటపడలేదు. ఆజ్ఞ మిగిలినది, దాని అర్థము పోయినది.

ఈ వ్యాసములో మేము పరిశీలింపగోరునది నేటి ఆజ్ఞలను. మన లేఖన భాగములు, కీర్తనల పుస్తకములు, వేదాంత పాఠ్యగ్రంథములు నేడు కంప్యూటరులో కంపోజ్ అగుచున్నవి. వాటిలో అనేకము మొదట ఎక్స్.ఎం.ఎల్. అను రూపములో భద్రపరచబడి, తరువాత కొన్ని ఆజ్ఞల చేత, అనగా కమాండ్ల చేత, పుటలుగా మార్చబడుచున్నవి. ఆ ఆజ్ఞలకు ఏ పేరు పెట్టవలెనన్నది ఇంజనీర్ల పని అని మనము అనుకొనుచున్నాము. అది గ్రంథపాఠమును కాపాడు పనిలో భాగమని చూపుటయే మా ఉద్దేశము.

1. పాఠము వేరు, పాఠమును గూర్చిన సూచన వేరు

ఈ భేదము కంప్యూటరుతో పుట్టినది కాదు. మధ్యయుగపు ఆరాధన పుస్తకములలో గురువు పలుకవలసిన మాటలను నల్ల సిరాతోను, చేయవలసిన పనులను ఎర్ర సిరాతోను వ్రాసిరి. లతీనులో ఎరుపునకు ఉన్న మాట నుండియే "రూబ్రిక్" అను పేరు వచ్చినది. ఆరాధన క్రమము చదువు విశ్వాసి ఎవరును "ఇక్కడ అందరు నిలువబడుదురు" అను సూచనను ప్రార్థనగా పలుకరు. రంగు మారినను, అక్షరము మారినను, సూచన సూచనగానే తెలియుచున్నది.

హెబ్రీ లేఖనములను కాపాడిన మసోరా పండితులు ఇంకను జాగ్రత్త పడిరి. పాఠములో వ్రాయబడిన రూపమును మార్చక, చదువవలసిన రూపమును అంచున వ్రాసిరి. కెతీవ్, కెరే అని మనము తరగతిలో నేర్చుకొనునది ఇదే. పని ముగిసిన తరువాత లెక్క కూడ చూచిరి. ఆదికాండము చివర 1,534 వచనములని మసోరా లెక్క వ్రాయబడియున్నది. ఏదైన జారిపోయినదా అని తెలిసికొనుటకు అంతకన్న తేలికైన పరీక్ష లేదు.

ముద్రణ వచ్చిన తరువాత మరియొక ప్రశ్న కలిగినది. మూలములో లేక, భావము కొరకు అనువాదకులు చేర్చిన మాటలను ఎట్లు చూపవలెను? 1560 నాటి జెనీవా బైబిలు వాటిని ఇటాలిక్ అక్షరములలో ముద్రించినది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో మిగిలిన పాఠమంతయు బ్లాక్ లెటర్ అను దట్టమైన అక్షరములలో నుండెను గనుక, చేర్చిన మాటలకు చిన్న రోమన్ అక్షరములు వాడిరి. తరువాతి ముద్రణలలో పాఠము రోమన్ అక్షరములలోనికి మారగా చేర్చిన మాటలు ఇటాలిక్ అయ్యెను. ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. ఆ మాటలకు "రోమన్" అని పేరు పెట్టియున్నయెడల, అక్షరములు మారిన దినముననే ఆ పేరు అబద్ధమై యుండును. "చేర్చినది" అని పేరు పెట్టిన యెడల నేటివరకు నిలిచియుండును. తెలుగు లిపికి ఇటాలిక్ సంప్రదాయమే లేదు. కంప్యూటరు బలవంతముగా వంచిన తెలుగు అక్షరములు చదువుటకు ఇంపుగా ఉండవు. కనుక "ఇటాలిక్" అను గుర్తు తెలుగు కంపోజిటరుకు ఏ మార్గమును చూపదు. "చేర్చినది" అను గుర్తు మాత్రము ఆయనకు స్వేచ్ఛ నిచ్చును. ఆయన చుక్కల గీత గీయవచ్చును, కుండలీకరణము పెట్టవచ్చును.

ప్రభువు మాటలను ఎరుపులో ముద్రించు పద్ధతి లూయీ క్లాప్ష్ 1899లో న్యూయార్కులో ప్రచురించిన క్రొత్త నిబంధనతో మొదలైనది. రెండు రంగుల ముద్రణ ఖర్చు భరింపలేని సంఘము అదే పాఠమును నలుపులో వేసికొనును. గుర్తు "ఎరుపు" అని యున్నయెడల నలుపు ప్రతిలో దానికి అర్థముండదు. "యేసు మాటలు" అని యున్నయెడల రంగు లేకున్నను అర్థము చెడదు.

2. 1998: మాదాపూరులో ఒక భవనము, ప్రపంచమునకు ఒక ప్రమాణము

హైదరాబాదు పడమటి దిక్కున, మాదాపూరు రాళ్ల గుట్టల మధ్య కట్టిన సైబర్ టవర్స్ భవనమును 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. హైటెక్ సిటీ ఆ విధముగా ఆరంభమైనది. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఆ సంవత్సరమే మొదలైనది. మైక్రోసాఫ్ట్ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటరును హైదరాబాదులో ఆ సంవత్సరమే తెరచినది. కొద్ది సంవత్సరములలోనే ఆ ప్రాంతమంతటికిని సైబరాబాదు అను పేరు స్థిరపడినది. నేడు తెలంగాణలోనున్న ఆ కారిడారులో మన సంఘముల యువతీయువకులు వేలకొలది పని చేయుచున్నారు.

అదే సంవత్సరము ఫిబ్రవరి 10న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము ఎక్స్.ఎం.ఎల్. ప్రమాణమును ప్రకటించెను. ఇది 1986 నాటి ఎస్.జి.ఎం.ఎల్. అను పెద్ద ప్రమాణమునకు సరళమైన సంతానము. దీని ముగ్గురు సంపాదకులలో ఒకరైన మైకెల్ స్పెర్‌బర్గ్-మెక్వీన్ అంతకుముందే సాహిత్య గ్రంథములను కంప్యూటరులో భద్రపరచు మార్గదర్శకములకు సంపాదకుడై యుండెను. ఎక్స్.ఎం.ఎల్. పది లక్ష్యములలో రెండు మనకు ముఖ్యమైనవి. పత్రము మనుష్యులు చదివి గ్రహింపదగినదిగా ఉండవలెను. గుర్తులు క్లుప్తముగా ఉండుట అంత ముఖ్యము కాదు. టాగుల పేర్లు ఇంగ్లీషులోనే ఉండనక్కరలేదు. "వచనము", "అధ్యాయము" అని తెలుగు లిపిలోనే టాగు వ్రాయుటకు ఆ ప్రమాణము మొదటినుండి అనుమతించినది.

అయితే అప్పటి మన పరిస్థితి వేరు. 1991లోనే యూనికోడులో తెలుగునకు స్థానము కలిగినను, హైదరాబాదు డి.టి.పి. సెంటర్లలో పేజ్‌మేకరు, అను ఫాంట్లు రాజ్యమేలుచుండెను. ఆ ఫాంట్లలో కంప్యూటరు దాచుకొనునది తెలుగు అక్షరమును కాదు. ఇంగ్లీషు అక్షరపు సంకేతమును దాచుకొని దానిపై తెలుగు ఆకారమును చూపును. ఫాంటు లేనిచోట పాఠమంతయు అర్థములేని ఇంగ్లీషు గుర్తులుగా కనబడును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.తో గౌతమి అను యూనికోడు ఫాంటు అందరికిని అందినది. ఆ తరువాతనే పాత గ్రంథములను ఎక్స్.ఎం.ఎల్. లోనికి మార్చు పని తెలుగులో అర్థవంతమైనది.

టాగు "ఇది వచనము", "ఇది ఫుట్‌నోట్" అని మాత్రమే సాక్ష్యమిచ్చును. దానిని ఏమి చేయవలెనో చెప్పదు. అది చెప్పుటకు ఆజ్ఞలు కావలెను. 1999 నవంబరు 16న జేమ్స్ క్లార్క్ సంపాదకత్వమున వెలువడిన ఎక్స్.ఎస్.ఎల్.టి. అట్టి ఆజ్ఞల సముదాయము. టాగుల పేర్లను గూర్చి మిక్కిలి శ్రద్ధ వహించిన లోకము ఆజ్ఞల పేర్ల విషయములో అంత శ్రద్ధ వహింపలేదని మా అభిప్రాయము.

3. మా అనుభవము

కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠ్యగ్రంథము నొకదానిని పాత ఫాంటు నుండి యూనికోడునకు, ఎక్స్.ఎం.ఎల్.నకు మార్చి ముద్రించుటకు ఆ కారిడారులోని ఒక సంస్థకు అప్పగించితిమి. ప్రూఫు చూచుటకు చాల సేపు పట్టలేదు. మార్కు సువార్త మొదటి వచనమునకు మేము వ్రాసిన ఫుట్‌నోట్, కొన్ని ప్రాచీన ప్రతులలో "దేవుని కుమారుడు" అను మాటలు లేవని తెలుపునది, వచనము మధ్యలోనే ముద్రింపబడియున్నది. నోటు అని చూపుటకు ఏ గుర్తును లేదు. ఇట్టివి పుస్తకమంతట ఉన్నవి. మరియొక చోట నాలుగు వచనములు ఉండవలసిన పెట్టెలో మొదటి వచనము మాత్రమే ఉన్నది.

ఆ పని చేసిన యువకుడు శ్రద్ధగలవాడే. మేము అడుగగా, "అయ్యగారూ, వేల్యూ-ఆఫ్ అని వ్రాశానండి. వచనం విలువ అడిగితే వచనమే వస్తుందనుకున్నాను" అని చెప్పెను.

దోషము ఆ పేరులో ఉన్నది. ఎక్స్.ఎస్.ఎల్.టి. మొదటి రూపములో "వేల్యూ-ఆఫ్" అను ఆజ్ఞ మూడు పనులు చేయును. ఒక టాగు లోపలనున్న సమస్త అక్షరములను ఏకము చేయును. లోపలి గుర్తులన్నిటిని తుడిచివేయును. అనగా ఫుట్‌నోట్ వచనములో కలిసిపోవును, యేసు మాటలకు ఉంచిన గుర్తు పోవును. అట్టి టాగులు అనేకము ఉన్నయెడల మొదటిదానిని మాత్రమే తీసికొని మిగిలినవాటిని మౌనముగా విడిచిపెట్టును. "విలువ" అను పేరులో ఈ మూడింటిలో ఒకటియు వినబడదు. 2007 జనవరిలో వచ్చిన రెండవ రూపములో అదే పేరుగల ఆజ్ఞ అన్నిటిని తీసికొని నడుమ ఖాళీలు ఉంచి ఇచ్చును. పేరు అదే, పని మారినది. దాని ప్రక్కనే "కాపీ" అనియు "కాపీ-ఆఫ్" అనియు రెండు ఆజ్ఞలు ఉన్నవి. మొదటిది పై పాత్రను మాత్రము నకలు చేయును. రెండవది పాత్రను, లోపలనున్నదంతటిని నకలు చేయును. ఇంత భేదమును మోయుచున్నది చివరనున్న ఒక్క చిన్న మాట.

పాఠ విమర్శ చదివిన విద్యార్థులకు ఈ కథ క్రొత్తది కాదు. 1 యోహాను 5:7లో పరలోకమందలి ముగ్గురు సాక్షులను గూర్చిన మాటలు లతీను ప్రతుల అంచున వివరణగా మొదలై పాఠములోనికి చేరినవని పండితుల అభిప్రాయము. ఎరాస్మస్ 1516, 1519 ముద్రణలలో వాటిని చేర్చలేదు, 1522లో చేర్చెను. అంచున నున్నది పాఠములోనికి వచ్చుటకు లేఖకుల చేతిలో తరములు పట్టినవి. అదే పని మా పుస్తకములో ఒక్క ఆజ్ఞ ఒక్క క్షణములో ముగించినది. సెలా విషయములో ఆజ్ఞ అర్థము మరుగైనను పాఠము నిలిచినది. నేటి యంత్రములో పేరు మరుగైనను ఆజ్ఞ నడచుచునే ఉండును, చెడునది పాఠమే.

4. "ఫ్లష్" అను మాట, ఒక చిన్న గీత

టైప్‌సెట్టింగ్ కొరకు డొనాల్డ్ క్నూత్ 1978లో రూపొందించిన టెక్ అను సాఫ్ట్‌వేర్ కుటుంబములో కాన్‌టెక్స్ట్ అనునది ఒకటి. నెదర్లాండ్స్ దేశస్థుడు హాన్స్ హాగెన్ దానిని నిర్మించెను. అది ఎక్స్.ఎం.ఎల్. పత్రమును నేరుగా చదివి పుటలుగా కూర్చగలదు. దానిలో అన్నిటికన్న ఎక్కువగా వాడబడు ఆజ్ఞలలో ఒకదాని పేరు "ఎక్స్ఎంఎల్ఫ్లష్". ఒక టాగు లోపలనున్న పాఠమును పుటపై ధారగా పోయుట దాని పని. కాని మన ఇండ్లలో ఫ్లష్ అనగా దేనిని పారవేయుటకో అందరికిని తెలియును. ఇంగ్లీషు కంపోజిటర్లకు అదే మాట ఎడమ అంచుకో కుడి అంచుకో సమముగా జరుపుటకు గుర్తు. ఒక మాటకు మూడు అర్థములు. వాటిలో ఒకటి అసలు పనికి సరిగా వ్యతిరేకము. పాఠమును నిలుపు ఆజ్ఞను చూచి పాఠమును పారవేయు ఆజ్ఞ అని క్రొత్త విద్యార్థి భయపడి తీసివేసిన యెడల అతనిని నిందింపలేము.

ఇంతకన్న అపాయకరమైనది పేరే లేని ఆజ్ఞ. కాన్‌టెక్స్టులో ఏ టాగునకు ఏ విధి వర్తించునో ముందుగా చెప్పవలెను. అక్కడ కూడిక గుర్తు పెట్టిన యెడల పాఠము పుటపైకి పోవును. తీసివేత గుర్తు, అనగా ఒక చిన్న అడ్డగీత, పెట్టిన యెడల ఆ టాగును దానిలోని పాఠమంతయు కనబడకుండ పోవును. చాలమంది మొదట అన్ని టాగులకు ఆ అడ్డగీత పెట్టి, తరువాత కావలసినవాటికి మాత్రము విధులు వ్రాయుదురు. ఇది అనుకూలమైన పద్ధతియే. కాని మూడు సంవత్సరముల తరువాత మరియొకరు పాఠములో "చేర్చినది" అను క్రొత్త టాగు ప్రవేశపెట్టిన యెడల, దానికి విధి వ్రాయుట మరచిన యెడల, అనువాదకులు చేర్చిన ప్రతి మాటయు పుటలనుండి మాయమగును. యంత్రము ఏ హెచ్చరికయు ఇయ్యదు. ఎక్స్.ఎస్.ఎల్.టి. దీనికి భిన్నముగా, విధి లేని టాగులోని అక్షరములను అట్లే బయటికి పంపును. ఒకటి మౌనముగా తీసివేయును, మరియొకటి మౌనముగా కలుపును. రెండింటిలోను ఏమి జరుగుచున్నదో చెప్పు పేరు లేదు.

5. చిన్న పేరా, పెద్ద పేరా?

పేర్లు పొడవుగా ఉండుటయే పరిష్కారమా? అట్లని మేము చెప్పము. బైబిలు అనువాదకులు వాడు యు.ఎస్.ఎఫ్.ఎం. గుర్తులు ఒకటి రెండు అక్షరములవే. పేరాకు "పి", కవిత్వపు పంక్తికి "క్యూ", యేసు మాటలకు "డబ్ల్యూజె", దైవనామమునకు "ఎన్‌డి". సెలాకు సహితము "క్యూఎస్" అను ప్రత్యేకమైన గుర్తు ఉన్నది. చేర్చిన మాటలకు మాత్రము "యాడ్" అని పూర్తి మాట ఉన్నది. వీటికి ఎక్స్.ఎం.ఎల్. రూపమైన యు.ఎస్.ఎక్స్.లో కూడ ఈ పేర్లే కొనసాగుచున్నవి. గ్రామములో కూర్చుండి వేలాది వచనములు టైపు చేయు అనువాదకునికి చిన్న గుర్తు మేలు. అవి చిన్నవైనను రూపమును గాక భావమును చెప్పుచున్నవి. అందుచేతనే ఎస్.ఐ.ఎల్.కు చెందిన జొనాథన్ క్యూ 2004లో విడుదల చేసిన జీటెక్ వంటి సాధనములు ఆ పాఠములనే ఏ లిపిలోనైనను పుటలుగా కూర్చగలుగుచున్నవి.

సైబరాబాదులోనే మరియొక ఉదాహరణ ఉన్నది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ భాషా పరిశోధకులు వాక్యములను విశ్లేషించి గుర్తులు పెట్టునప్పుడు పాణిని కారకములను ఆధారము చేసికొనిరి. "కె1" అనగా కర్త, "కె2" కర్మ, "కె3" కరణము, "కె4" సంప్రదానము, "కె5" అపాదానము, "కె7" అధికరణము. వ్యాకరణము చదివినవానికి ఇవి అద్దము వలె తేటగా ఉన్నవి. చదువనివానికి లెక్కల గుర్తులు. చిన్న పేరు వెనుక అందరెరిగిన శాస్త్రము ఉన్నప్పుడే అది తేటగా ఉండును.

మన భాషలో దీనికి మంచి మాదిరి ఉన్నది. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రచురించిన బాలవ్యాకరణము సంజ్ఞా పరిచ్ఛేదముతో మొదలగును. సంధులు, సమాసములు తరువాత, మొదట పేర్లు. క, చ, ట, త, ప పరుషములు. గ, జ, డ, ద, బ సరళములు. పేరు వినగానే గుణము వినబడును. ఆజ్ఞలు వ్రాయువారు కూడ మొదట తమ సంజ్ఞా పరిచ్ఛేదమును వ్రాసికొనుట మంచిది.

6. ఎడమయా, ఆరంభమా?

పేరు సరిగా పెట్టిన సందర్భమును కూడ చెప్పవలెను. 2001లో వెలువడిన ఎక్స్.ఎస్.ఎల్. పుటల ప్రమాణములో పేరాకు వదలు ఖాళీని "ఎడమ", "కుడి" అని గాక "ఆరంభము", "అంతము" అని పిలిచిరి. తెలుగు పంక్తి ఎడమ నుండి, హెబ్రీ, ఉర్దూ పంక్తులు కుడి నుండి మొదలగును. తెలుగు, ఉర్దూ ప్రక్కప్రక్కనే నడచు హైదరాబాదులో, హెబ్రీ ఉదాహరణలు లేక వ్యాసము వెలువడని మన పత్రికలలో, ఈ పేరు విలువ వెంటనే తెలియును. "ఆరంభము" అని వ్రాసిన ఆజ్ఞ మూడు లిపులలోను సత్యమే పలుకును.

సాధారణ వాడుకలో కూడ ఇట్టి దిద్దుబాటు జరిగినది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో చాలకాలము వ్రాతను "భద్రపరచు" అను ఆజ్ఞ ఉండెను. భద్రపరచుట అనగా తన యొద్ద దాచుకొనుట అని క్రొత్తవారు అనుకొనిరి. నిజమునకు ఆ క్షణమే వ్రాత లోకమంతటికిని కనబడును. 2016, 2017 ప్రాంతములలో వికీమీడియా ఫౌండేషను అన్ని భాషలలోను దానిని "ప్రచురించు" అను అర్థము వచ్చునట్లు మార్చినది. పని మారలేదు, పేరు నిజము పలికినది.

తెలుగులో పేరు పెట్టినంత మాత్రమున చిక్కు తీరదని మేము నేర్చుకొంటిమి. మా పుస్తకమును సరిదిద్దునప్పుడు ఆ యువకునితో కూర్చుండి మా విధులకు తెలుగు పేర్లు పెట్టితిమి. మొదట "నోటు తీయు" అని వ్రాసితిమి. తీయుట అనగా బయటికి తెచ్చుటయా, తొలగించుటయా? మన భాషలో రెండును ఆ మాటలోనే ఉన్నవి. ఆయన ఒకటి అనుకొనెను, మేము మరియొకటి అనుకొంటిమి. చివరకు "నోటును క్రిందికి పంపు", "నోటును విడిచిపెట్టు" అని రెండు వేర్వేరు పేర్లు పెట్టగా కలహము తీరినది.

ముగింపు

ఆజ్ఞ పేరు పాఠమునకు ఏమి జరుగుచున్నదో చెప్పవలెను. నిలుచుచున్నదా, పోవుచున్నదా, కదలుచున్నదా, కలియుచున్నదా? ఈ నాలుగింటిలో ఏదియు పేరులో వినబడనియెడల ఆ ఆజ్ఞను మరల చూడవలెను.

తమ సంఘ పుస్తకములను ముద్రణకు ఇచ్చు సేవకులు సాఫ్ట్‌వేర్ నేర్చుకొననక్కరలేదు. కంపోజ్ చేయువారిని మూడు ప్రశ్నలు అడిగిన చాలును. పేరు చెప్పని టాగులు ఏమగును? ఫుట్‌నోట్లు ఏ ఆజ్ఞ చేత ఎక్కడికి పోవుచున్నవి? పాఠములో ఎన్ని వచనములున్నవో, పుటలలో అన్ని ఉన్నవా? 119వ కీర్తనను ముందుగా కంపోజ్ చేయించుడి. 22 హెబ్రీ అక్షరములకు ఎనిమిదేసి చొప్పున 176 వచనములు లెక్కకు రావలెను. మసోరా పండితులు చేసిన పని ఇదే.

కారిడారులో పని చేయు మన విద్యార్థులకు, విశ్వాసులకు ఒక మాట. మీరు నేడు పెట్టు పేరును రేపు మరియొకరు చదువుదురు, అప్పటికి మీరు ఆ బల్లయొద్ద ఉండకపోవచ్చును. సెలా అను ఆజ్ఞను ఇచ్చినవారికి దాని అర్థము తెలిసియే యుండెను. తరువాతివారికి అది అందలేదు.